కళ్ళజోడు తీసివేయవచ్చునా? ఒక చికిత్స పూర్వకథ

పోయిన ఏడాది మాఘమాసంలో ఒకనాటి ఉదయం మా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, పిల్లకు కళ్ళకి లేజరు చేయిద్దామనుకుంటున్నాం, నువ్వేమంటావు?" అని అడిగినది. ముప్పైమూడేళ్ళు బడిలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. నేత్రవైద్యంతో నాకేమి పని? అయినా మా కుటుంబంలో ఒక అలవాటు ఉన్నది. ఏ కాగితం చదవవలసి వచ్చినా, ఏ సంతకం పెట్టవలసి వచ్చినా ముందు నాకు చూపిస్తారు. ఇదీ అలాగే వచ్చినది.

సంగతి ఏమిటంటే, మా మేనకోడలికి 23 ఏళ్ళు. ఆరవ తరగతి నుండి కళ్ళజోడు. ఇప్పుడు రెండు కళ్ళకూ ఎనిమిది పవరు. మన ఊళ్ళలో దీనినే 'సైటు' అంటారు. మా వీధిలో "మీ అమ్మాయికి సైటు ఎంత?" అని అడిగితే కొందరు పవరు చెబుతారు, కొందరు గజాలు చెబుతారు. పెళ్ళివారికి రెండూ కావాలి. ఒక సంబంధం వారు అన్నీ నచ్చినవని చెప్పి, "అమ్మాయి కళ్ళజోడు తీయించేస్తే బాగుంటుంది, ఇప్పుడు పది నిమిషాల పనేనటగా" అని కబురు పెట్టినారు.

నాకు మొదట కోపం వచ్చినది. పిల్లను పిలిచి, "వాళ్ళెవరో అన్నారని కన్ను కోయించుకుంటావా తల్లీ?" అన్నాను. ఆ అమ్మాయి నెమ్మదిగా, "వాళ్ళ కోసం కాదు మామయ్యా. నిద్ర లేవగానే ఎదురుగా గోడ మీద గడియారం కనబడాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక" అన్నది. ఆ మాటతో నా కోపం చల్లారినది. కళ్ళజోడు లేకుండా ఆ పిల్లకు స్పష్టంగా కనబడేది ముఖానికి జానెడు దూరం కూడా కాదు. ఎనిమిది పవరు అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు దాటినదల్లా మసకే. ఒక నెల గడువు అడిగినాను. ఆ నెలలో చదివినదీ, అంతకుముందే ఒక మిత్రుని వల్ల తెలిసినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ మిత్రుడు మా బడిలో డ్రాయింగు మాస్టారు. 1988లో ఒక పట్టణంలో, నేను పేరు చెప్పని ఒక ఆసుపత్రిలో, కళ్ళజోడు పోవడానికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. అప్పటికి మన దేశంలో ఈ పనికి లేజరు రాలేదు. వజ్రపు మొన గల చిన్న కత్తితో నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరపై, చక్రానికి ఆకులు ఉన్నట్లుగా, గాట్లు పెట్టేవారు. మధ్యభాగం మాత్రం వదిలేవారు. కొన్నేళ్ళు ఆయన బడికి కళ్ళజోడు లేకుండా వచ్చి, నల్లబల్ల మీద గీత గీసి, దూరంగా నిలబడి చూచుకొని మురిసిపోయేవారు. ఆ తరువాత చూపు రెండవవైపు జరగడం మొదలైనది. హ్రస్వదృష్టి పోయి దీర్ఘదృష్టి వచ్చినది. ఉదయం ఒక విధంగా, సాయంత్రం మరొక విధంగా కనబడేది. ప్రొద్దున్న వేసిన రంగు మాపటికి తనకే తేడాగా తోచేదని చెప్పేవారు. చిత్రకారునికి ఇంతకంటె బాధ ఏమున్నది?

ఆయనకు జరిగినది ఆయన ఒక్కరి దురదృష్టం కాదని నాకు ఈ నెలరోజుల చదువులో తెలిసినది.

ఇక్కడ ఒక మాట. కన్ను ముందున్న ఆ పారదర్శకమైన పొరను మన పాఠ్యపుస్తకాలలో శుక్లపటలం అన్నారు, వాడుకలో కార్నియా. ముసలితనంలో వచ్చే 'శుక్లం' దీనికి సంబంధించినది కాదు. అది లోపలి కటకం మసకబారడం. పేరొక్కటే కావడం వల్ల పల్లెల్లో "శుక్లాలకు లేజరు" అంటూ రెంటినీ కలిపేస్తారు. శుక్లం వ్యాధి. సుశ్రుతుని ఉత్తరతంత్రంలో లింగనాశమనే పేరుతో ఈ జాతి వ్యాధికి శలాకతో చేసే చికిత్స చెప్పబడినది. దానిని పట్టుకొని లేజరు కూడా మనవారికి ముందే తెలుసుననే వాదం నాకు రుచించదు. సుశ్రుతుడు శలాక పట్టినది చూపు పోయినవాని కంటిపై. మనం మాట్లాడుతున్నది ఆరోగ్యంగా ఉన్న కంటిని గురించి. కళ్ళజోడు పెడితే చక్కగా కనబడే కన్ను అది. ఈ తేడా మరచిపోతే మిగిలిన లెక్కలన్నీ తప్పుతాయి.

ఆరోగ్యమైన కంటి మీద కత్తి పెట్టి కళ్ళజోడు తీసివేయాలన్న ప్రయత్నం మొదట జపానులో గట్టిగా సాగినది. టోక్యోలో సాటో అనే వైద్యుడు 1940, 50 దశకాలలో శుక్లపటలానికి ముందు నుండి, వెనుక నుండి కూడా గాట్లు పెట్టి దాని వంపు తగ్గించినాడు. ఆ పొర వెనుకతట్టున ఒకే వరుసలో పరచుకొని ఉండే కణాలు నీటిని బయటకు తోడుతూ పొరను పారదర్శకంగా ఉంచుతాయి. అవి పోతే మనిషిలో తిరిగి పుట్టవు. ఆనాటికి వాటి విలువ తెలియదు. సుమారు ఇరవై ఏళ్ళకు ఆ రోగులలో చాలామంది కళ్ళు ఉబ్బి తెల్లబారినవి. ఆయన మోసగాడు కాదు, తెలిసినంత వరకు శ్రద్ధగానే చేసినాడు. ఫలితం మాత్రం ఇరవై ఏళ్ళు దాగి ఉండి వచ్చినది.

దాదాపు అదే కాలంలో దక్షిణ అమెరికాలో, కొలంబియా దేశపు బొగోటా నగరంలో, బారకేర్ అనే స్పెయిన్ వైద్యుడు మరొక దారి పట్టినాడు. శుక్లపటలం నుండి పలుచని బిళ్ళను కోసి తీసి, గడ్డకట్టించి, లేతు యంత్రం మీద చెక్కి మళ్ళీ కంటికి అమర్చేవాడు. దానికి కెరటోమిల్యూసిస్ అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో కెరాస్ అంటే కొమ్ము, రెండవ పదానికి చెక్కడమని అర్థం. శిల్పులు చేసే పనే. లాసిక్ అన్న నేటి పేరులో చివరి అక్షరం ఈ చెక్కడానిదే. కొమ్మును పలుచగా చెక్కితే వెలుగు దూరుతుంది కనుక ఆ పొరకు కొమ్ము పేరు వచ్చినదంటారు. మన తెలుగులో ఇంత ముచ్చటైన మాట దానికి లేకపోవడం నాకు కొంచెం వెలితిగా తోచినది.

మా డ్రాయింగు మాస్టారికి చేసిన విధానం మాస్కో నుండి వచ్చినది. 1974 నుండి ఫ్యోదరోవ్ అనే నేత్రవైద్యుడు ముందువైపు మాత్రమే గాట్లు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినాడు. కళ్ళజోడు పగిలి గాజుముక్క గుచ్చుకున్న ఒక బాలునికి, గాయం మానిన తరువాత చూపు మెరుగుపడడం చూచి ఈ ఊహ వచ్చినదని కథగా చెప్పుకుంటారు. ఆయన ఆసుపత్రిలో రోగులను తిరిగే బల్లల మీద పడుకోబెట్టి, ఒక్కొక్క వైద్యుని ముందుకు వచ్చినపుడు ఒక్కొక్క అంచె పని పూర్తిచేసేవారు. కార్ఖానా వలె అన్నమాట.

అమెరికాలో మాత్రం కొందరు వైద్యులు ఒక మంచి పని చేసినారు. 1980ల ఆరంభంలో ఈ చికిత్స చేసిన వారిని పదేళ్ళ పాటు వెంబడించి పరీక్షించినారు. 1994లో ఫలితాలు ప్రకటించినారు. చాలామంది దూరపుచూపుకు కళ్ళజోడు లేకుండానే గడుపుతున్నారు, నిజమే. కాని నూటికి 43 కళ్ళలో చూపు ఒక డయాప్టరు గాని, అంతకు మించి గాని దీర్ఘదృష్టి వైపు జరిగినది. గాట్ల వల్ల బలహీనపడిన పొర ఏళ్ళ తరబడి నెమ్మదిగా చదునవుతూనే ఉన్నది. నేను ఆ 43 అనే అంకె చూచినప్పుడు మాస్టారి ముఖం కళ్ళ ముందు మెదిలినది.

1996 మే నెలలో ఎవరెస్టు మీద జరిగిన ఘోరం గురించి కొందరు చదివి ఉంటారు. ఆ బృందంలో బెక్ వెదర్స్ అనే టెక్సాస్ వైద్యుడు ఇటువంటి గాట్లు పెట్టించుకున్నవాడే. ఎత్తుకు పోయినకొద్దీ ప్రాణవాయువు తగ్గి, గాట్లు పడిన పొర ఉబ్బి, చూపు చెదిరిపోయినది. శిఖరానికి పోలేక దారిలో ఆగిపోయినాడు. తుపాను కమ్మినది. చనిపోయినాడని వదిలివేయబడి కూడా లేచి శిబిరానికి నడిచివచ్చినాడు గాని, మంచుకాటుకు కుడిచేయి మోచేతి దిగువన పోయినది, ఎడమచేతి వేళ్ళు పోయినవి.

ఇక లేజరు. ఇందులో మన మద్రాసువాడొకాయన ఉన్నాడు. రంగస్వామి శ్రీనివాసన్, 1929లో మద్రాసులో పుట్టినారు. ఆంధ్రులు కూడా అప్పట్లో ఉన్నతవిద్యకు ఆ ఊరికే పోయేవారు గదా. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాకు పోయి, న్యూయార్కు రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధనాలయంలో చేరినారు. అక్కడ ఎక్సైమర్ లేజరు అనే కంటికి కనబడని అతినీలలోహిత కిరణంతో ప్లాస్టిక్కు మీద సూక్ష్మమైన చెక్కడాలు చేసేవారు. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ అనే పండుగ మరునాడు, ఇంట్లో విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ప్రయోగశాలకు తెచ్చి, దాని మీద ఆ కిరణాన్ని పంపినారు. మామూలు లేజరు కాల్చి నల్లబరుస్తుంది. ఇది చుట్టుప్రక్కల ఏమీ కమలనీయక, ఉలితో తీసినట్లు గాడి తీసినది. ఆయనతో పాటు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అనే సహోద్యోగులు ఉన్నారు. వెంట్రుక మీద మెట్లుమెట్లుగా గాడి తీసిన వారి ఛాయాచిత్రం ప్రసిద్ధమైనది. 2013లో ముగ్గురికీ అమెరికా అధ్యక్షుడు జాతీయ పతకం బహూకరించినాడు. పండుగ మిగులు కూరతో ఇంత పని జరిగినదంటే మా ఇంట్లో ఆడవారు నమ్మలేదు.

1983లో ట్రోకెల్ అనే న్యూయార్కు నేత్రవైద్యుడు శ్రీనివాసన్‌తో కలిసి పశువుల కళ్ళ మీద ఇది పనిచేస్తుందని చూపినాడు. జీవించి ఉన్న మనిషి చూపున్న కంటి మీద ఎవరు ముందు చేయించుకుంటారు? 1988లో అమెరికాలో ఒక స్త్రీకి కంటి ప్రాంతంలో క్యాన్సరు వచ్చి కన్ను తీసివేయవలసి వచ్చినది. కన్నులో చూపు బాగానే ఉన్నది. ఎలాగూ పోయే కన్ను కదా, దాని మీద ప్రయత్నించి నేర్చుకోమని ఆమె తానే ఇచ్చినది. మార్గరీట్ మెక్‌డొనాల్డ్ అనే వైద్యురాలు ఆ కంటికి లేజరు చేసి, మానే తీరును పరిశీలించినది. కొద్ది రోజులకే కన్ను తీసివేసినారు. ఆమెకు ఒరిగినదేమీ లేదు. ఈ చరిత్రలో వైద్యుల పేర్లు చాలా ఉన్నవి గాని, నాకు చేతులెత్తి నమస్కరించాలని అనిపించినది ఆ స్త్రీకే.

ఆ తరువాత కథ త్వరగా నడిచినది. పైపొర గీకి లేజరు వేసే మొదటి పద్ధతిలో మూడు నాలుగు రోజులు నొప్పి ఉండేది. 1990 ప్రాంతంలో గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలో పల్లికారిస్ అనే వైద్యుడు, పొరను పుస్తకపు అట్ట వలె తెరచి, క్రింద లేజరుతో చెక్కి, మళ్ళీ మూసివేసే పద్ధతిని లాసిక్ అన్నాడు. మరునాటికే చూపు వస్తుంది, నొప్పి లేదు. జనం ఎగబడినారు. ఇప్పుడు ఆ అట్టను కత్తితో గాక మరొక లేజరుతోనే కోస్తున్నారు. అట్ట లేకుండా చిన్న రంధ్రం గుండా లోపలి బిళ్ళను లాగివేసే స్మైల్ అనే విధానమూ వచ్చినది.

లాసిక్‌కు కూడా దాని ఇరవై ఏళ్ళ పరీక్ష వచ్చినదా అంటే, వచ్చినది. 1998లో సైలర్ అనే జర్మను వైద్యుడు, చికిత్స తరువాత కొందరిలో పొర బలహీనపడి ముందుకు పొంగుతున్నదని వ్రాసినాడు. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బహిరంగ విచారణ జరిపితే, ఎండిన కళ్ళతోనూ, రాత్రి దీపాల చుట్టూ కనబడే వలయాలతోనూ బాధపడుతున్నవారు వచ్చి చెప్పుకున్నారు. 2017లో ఆ సంస్థవారి అధ్యయనం వెలువడినది. చేయించుకున్నవారిలో నూటికి 95 మందికి పైగా తృప్తిగానే ఉన్నారు. అయితే అంతకుముందు ఏ బాధా లేనివారిలో నూటికి 40కి పైగా మూడు నెలల తరువాత వలయాలో, మెరుపులో, ఏదో ఒకటి కొత్తగా కనబడుతున్నదన్నారు. కళ్ళు ఎండడం లేనివారిలో నూటికి 28 మందికి అది కొత్తగా వచ్చినది. ఈ రెండు రకాల అంకెలూ ఒకే కాగితం మీద ఉన్నవి. ప్రకటనల్లో మొదటిది వేస్తారు. భయపెట్టేవారు రెండవది వేస్తారు. తృప్తిపడినవారు అబద్ధం చెప్పలేదు, బాధ చెప్పినవారూ చెప్పలేదు.

ఇంత చదివిన మీదట పిల్లను వెంటబెట్టుకొని హైదరాబాదు పోయినాను. మెత్తని కటకాలు పెట్టుకునే అలవాటు ఉన్నందున పరీక్షకు ముందు కొన్నాళ్ళు అవి మానవలసినదని చెప్పినారు, వాటి ఒత్తిడికి పొర ఆకారం మారుతుందట. మొదట పోయిన చోటు పేరు అనవసరం. చల్లని గది, టీవీ, కాఫీ. ఒక యువకుడు కొలతలు తీసి, "490 మైక్రాన్లు, సరిపోతుంది, ఆదివారం లోపల చేయించుకుంటే తగ్గింపు ఉన్నది" అన్నాడు. శస్త్రచికిత్సకు ఆషాఢమాసపు తగ్గింపు నేనెన్నడూ వినలేదు.

490 అంటే ఏమిటో, సరిపోవడమేమిటో చెప్పమన్నాను. అతడు తడబడినాడు గాని లెక్క కష్టమైనది కాదు. మన్నర్లిన్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం ఉన్నది. చెక్కవలసిన వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి, మూడు చేత భాగిస్తే, ఒక్కొక్క పవరుకు ఎన్ని మైక్రాన్లు చెక్కాలో వస్తుంది. ఆరున్నర మిల్లీమీటర్లయితే వర్గం 42, మూడవ భాగం 14. ఎనిమిది పవరుకు 112. పైన తెరచే అట్ట 110. ఈ రెండూ 490 నుండి తీసివేస్తే అడుగున మిగిలేది 268. కనీసం 250 మిగలాలన్నది వైద్యుల ఆచారం. అంటే 18 మైక్రాన్లతో గట్టెక్కినట్లు. వెంట్రుక మందంలో మూడవ వంతు కూడా కాదు. పైగా ఆ 250 ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు అనుభవం మీద పెట్టుకున్నది. అంతకంటె ఎక్కువ మిగిలినా పొంగినవి ఉన్నవి.

అక్కడ నుండి లేచి మరొక వైద్యురాలి వద్దకు పోయినాము. ఆమె లేజరు మాట ఎత్తకుండా చాలాసేపు ప్రశ్నలు అడిగినది. పాత కళ్ళజోడు చీటీలు ఉన్నవా? నిద్ర లేచి కళ్ళు నులుముకుంటావా? ఇంట్లో ఎవరికైనా శుక్లపటలం ముందుకు పొడుచుకు వచ్చే జబ్బు ఉన్నదా? చీకటిలో కంటిపాప ఎంత విచ్చుకుంటుందో, కన్నీరు ఎంత ఊరుతుందో కొలిచినది. చుక్కల మందు వేసి వెనుకనున్న నేత్రపటలం అంచులు చూచినది. ఎక్కువ హ్రస్వదృష్టి ఉన్నవారిలో అది పలుచబడి ఉంటుందనీ, లేజరు చేసినా ఆ ప్రమాదం పోదనీ చెప్పినది. నిజమే, కంటిగుడ్డు పొడవు పెరిగినందువల్ల వచ్చిన హ్రస్వదృష్టికి మనం ముందువైపు అద్దాన్ని చెక్కుతున్నాము, గుడ్డు అంతే పొడవున ఉంటుంది.

చివరకు రంగుల పటం ఒకటి చూపినది. శుక్లపటలం ఎగుడుదిగుళ్ళ పటం, భూగోళం మాస్టారి గోడ మీద కొండలూ లోయలూ ఉన్నట్లే. ఎడమ కంట క్రిందిభాగం కొంచెం ఎక్కువ నిటారుగా ఉన్నది. పిల్ల చీటీలు చూస్తే ఏడాదిలో అర పవరు పెరిగినది. "జబ్బు ఉన్నదని అనను. లేదని కూడా ఇవాళ అనలేను. కళ్ళు నులుముకోవడం మాని ఏడాది తరువాత రండి. పటం మారకపోతే, పవరు నిలిస్తే, అప్పుడు పొర చెక్కకుండా లోపల కటకం పెట్టే పద్ధతితో సహా మాట్లాడుకుందాం" అన్నది. నలభై దాటిన తరువాత చత్వారం మాత్రం అందరితో పాటు వస్తుందనీ, చదువుకు అద్దాలు తప్పవనీ కూడా చెప్పినది. చత్వారం అన్న మాటలోనే నలభై ఉన్నదని నేను పిల్లకు చెప్పినాను, పండితుని బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇంటికి వచ్చే దారిలో బస్సులో పిల్ల ఏడ్చినది. నేను మాట్లాడలేదు. గడియారం కోరిక చిన్నదని ఎవరనగలరు? నేను బడిలో ఉన్న కాలంలో, చివరి బల్ల మీద కూర్చొని బోర్డు కనబడక మొద్దు అనిపించుకున్న పిల్లలను ఎందరినో చూచినాను. వారికి అద్దాలు పెట్టించిన రోజున వారి ముఖాలూ చూచినాను. కనబడడం అంటే ఏమిటో వారికే తెలుసు.

ఆ సంబంధం వారికి మా చెల్లెలు ఉన్నమాట చెప్పినది. వారు మరల పలుకలేదు. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయికి ముక్కుకు రెండు వైపులా ఎర్రని గుంటలు ఉండినవి. కళ్ళజోడు బయట కారులో వదలి వచ్చినాడని పిల్లే కనిపెట్టినది, ఎనిమిది పవరుతో!

డ్రాయింగు మాస్టారికి ఈమధ్య శుక్లాలు ముదిరినవి. లోపల పెట్టే కటకపు పవరు లెక్క వేయడానికి శుక్లపటలం వంపు కావాలి. గాట్లు పడిన కంటిలో ఆ కొలత నమ్మదగినది కాదు. వైద్యుడు 1988 నాటి కాగితాలు తెమ్మన్నాడు. ఆ ఆసుపత్రి ఎప్పుడో మూతపడినది, కాగితం ఒక్కటీ లేదు. నేను ఇది విన్న రోజునే మేనకోడలికి ఫోను చేసి, చేయించుకున్నా మానినా సరే, ఆ రంగుల పటాలూ పాత చీటీలూ ఒక్కటీ పారవేయవద్దని చెప్పినాను. అన్నీ ఒక కవరులో పెట్టి, మా చెల్లెలి ఇనప్పెట్టెలో పట్టుచీరల క్రింద దాచినదట. రెండవ పరీక్ష వచ్చే నెలలో ఉన్నది. తోడు నన్నే రమ్మన్నది.